2022లో మీ ఆల్బమ్ ఏది? ఆర్ఆర్ఆర్ నుంచి సీతారామం దాకా ఒక అభిమాని ఎంపిక

ముంబయిలో పుట్టి పెరిగిన మా పిన్ని కొడుకూ నేనూ 2022 డిసెంబరు ఆఖరి వారంలో ఒక రాత్రి రెండు గంటల పాటు ‘రాధేశ్యామ్’ పాటల మీద వాదించుకున్నాం. ఆ ఏడాది నాకు నచ్చిన నాలుగైదు ఆల్బమ్‌లలో అది ఒకటి. వాడేమో తనను అన్నిటికంటే ఎక్కువగా నిరాశపరిచింది అదేనన్నాడు. చివరికి విసుగొచ్చి, “కనీసం నగుమోము తారలే పాటైనా నచ్చలేదా నీకు?” అని అడిగాను. “ఆ పాట ఎక్కడుంది అన్నయ్యా ఇందులో?” అంటూ ఫోను నా చేతికిచ్చాడు. చూస్తే, వాడు తొమ్మిది నెలలుగా వింటున్నది హిందీ ఆల్బమ్.

తెలుగు ‘రాధేశ్యామ్’కు బాణీలు కట్టింది జస్టిన్ ప్రభాకరన్, పాటలు రాసింది కృష్ణకాంత్. హిందీకి మిథున్, అమాల్ మాలిక్, మనన్ భరద్వాజ్ పనిచేశారు. పాటలే వేరు. నేపథ్య సంగీతం కూడా తెలుగులో తమన్‌ది, హిందీలో వేరేవాళ్లది. మేమిద్దరం ఒకే పేరు తగిలించుకున్న రెండు వేర్వేరు ఆల్బమ్‌ల గురించి గొంతు చించుకున్నామన్నమాట. ఆ రాత్రి నుంచి, ఏడాది ఉత్తమ ఆల్బమ్ ఏదని ఎవరైనా మాట కదిపితే ముందు మూడు సంగతులు అడుగుతున్నాను. ఏ భాషలో విన్నారు? ఏ సంవత్సరం కింద లెక్క వేస్తున్నారు? మీరు మెచ్చుకుంటున్నది పాటనా, ఆల్బమ్‌నా?

భాష సంగతి పైన చెప్పిందే. సంవత్సరం సంగతి అంతకంటే చిక్కు. ‘ఆర్ఆర్ఆర్’ థియేటర్లకు వచ్చింది 2022 మార్చి 25న. అందులోని ‘దోస్తీ’ మాత్రం 2021 ఆగస్టులో స్నేహితుల దినోత్సవం రోజునే విడుదలైంది. ‘నాటు నాటు’ అదే ఏడాది నవంబరులో వచ్చింది. సెన్సారు సర్టిఫికెట్ 2021లోనే అందడంతో జాతీయ చలనచిత్ర అవార్డుల లెక్కలో అది 2021 సినిమా. అందుకే 2023 ఆగస్టులో ప్రకటించిన 2021 అవార్డుల్లో కీరవాణికి నేపథ్య సంగీతానికీ, కాలభైరవకు ‘కొమురం భీముడో’ గానానికీ పురస్కారాలు దక్కాయి. ఈలోగా 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. ఒక్క ఆల్బమ్ మూడు సంవత్సరాల మీద కూర్చుని ఉంది. ఎవరి లెక్క వాళ్లు పట్టుకుంటే వాదన తెల్లవారినా తెగదు.

నేను థియేటర్ తేదీనే పట్టుకుంటాను. సినిమా పాటకు సందర్భం అతుక్కునేది ఆ రోజునే. అంతకు ముందు మనం వినేది పాట సగమే. ఈ లెక్కన 2022 ఆల్బమ్‌లు ఎన్నో ఉన్నా, నిజంగా పోటీలో నిలబడేవి ఏడెనిమిదికి మించవు. వాటి గురించే మాట్లాడతాను.

పాటా ఆల్బమా అన్న మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ మంది దారి తప్పుతారు. క్యాసెట్ రోజుల్లో ఆ ఇబ్బంది ఉండేది కాదు. అట్ట మీద ఒక వైపు మూడు పాటలు, రెండో వైపు మూడు పాటలు. ఒకటి నచ్చకపోయినా టేపు ముందుకు తిప్పడం బద్ధకమై వినేసేవాళ్లం, పదోసారికి ఆ నచ్చని పాట కూడా మనదైపోయేది. ఇప్పుడు పాటలు ఒక్కొక్కటిగా, నెలల తేడాతో, లిరికల్ వీడియోలుగా వస్తున్నాయి. ‘ఆచార్య’లోని ‘లాహే లాహే’ 2021 మార్చి 31న వచ్చింది, సినిమా 2022 ఏప్రిల్ 29న. మధ్యలో పదమూడు నెలలు. కరోనా రోజుల్లో అది తప్పలేదు. కానీ అలా ముక్కలుగా చేతికొచ్చిన పాటలను ఆల్బమ్ అని పిలవాలంటే వాటిని మళ్లీ మనమే ఒక చోట చేర్చుకోవాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను. ఫోను తెర ఆపేసి, బొమ్మ చూడకుండా, అన్ని పాటలనూ వరసగా ఒకే బిగిన వింటాను. వారంలో ఇంకోసారి. ఆ తర్వాత ఒక నెల వాటి జోలికి పోను. నెల గడిచాక మూడోసారి విన్నప్పుడు, ఎన్ని పాటల దగ్గర నా వేలు ‘తర్వాతి పాట’ గుర్తు మీదికి వెళ్లిందో లెక్క పెట్టుకుంటాను. వేలు అబద్ధం చెప్పదు. ఈ పరీక్షకు నిలిచినవీ నిలవనివీ చూస్తే, బయట వినిపించే జాబితాకూ నా జాబితాకూ పోలిక లేకుండా పోయింది.

ముందుగా అసలు పోటీ. ‘ఆర్ఆర్ఆర్’, ‘సీతారామం’. 2022లో తెలుగు పాటల అభిమానులు ఎక్కడ నలుగురు కలిసినా రెండు జట్లుగా చీలింది ఈ రెండింటి దగ్గరే.

‘ఆర్ఆర్ఆర్’ పేరెత్తగానే అందరూ ‘నాటు నాటు’ అంటారు. ఆ పాట గొప్పదే. మూడు దెబ్బల లెక్కతో నడిచే తిశ్రగతిలో పరుగెత్తే ఆ దరువు వింటే కూర్చున్నవాడి కాలు నేల మీద నిలవదు. చంద్రబోస్ అందులో పేర్చిన జాతరా, జొన్నరొట్టే, మిరపతొక్కూ మన ఊరి నుంచి నేరుగా తెచ్చినవి. అయినా నన్ను ఆ ఆల్బమ్ దగ్గర కట్టిపడేసింది ‘కొమురం భీముడో’. కొరడా దెబ్బలు తింటున్న మనిషి పాడుతున్న పాట అది. సుద్దాల అశోక్ తేజ దానిని భీముడు తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు రాశారు. దెబ్బకు వంగిపోతే తల్లి కడుపున పుట్టనట్టేనని తనకు తానే చెప్పుకుంటాడు. పాదాల చివర ‘డో’, ‘రో’ అంటూ సాగే ఓకారాన్ని గమనించండి. పొలాల్లో ఒక గట్టు మీది నుంచి ఇంకో గట్టుకు మనిషిని కేకేసి పిలిచేటప్పుడు వచ్చే ఓకారం అది. కాలభైరవ దాన్ని సాగదీసిన చోటల్లా వాయిద్యాలు వెనక్కి తగ్గుతాయి. గొంతు ఒంటరిగా మిగిలిపోతుంది. ఇంత పెద్ద సినిమాలో, ఇంత ఆర్భాటం మధ్య, ఒక గొంతును అంత ఒంటరిగా వదిలేయడానికి కీరవాణికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. నేను ఆ పాటను చెవులకు పెట్టుకుని బస్సులో వింటూ, నా స్టాపు దాటిపోయినా దిగలేకపోయాను.

అయితే ఆల్బమ్‌గా? ‘దోస్తీ’ సినిమాలో చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. సిరివెన్నెల సీతారామశాస్త్రి మాటలు, హేమచంద్ర గొంతు. నీళ్లూ నిప్పూ కలిసి నడిచే కథకు అది ముందుమాట లాంటిది. తెర ఆపి వింటే మాత్రం బరువుగా నడుస్తుంది. ‘ఎత్తర జెండా’ కథ ముగిశాక వచ్చే సంబరం. ఇంట్లో కూర్చుని వినేటప్పుడు మనం జరుపుకోవాల్సిన సంబరం ఏదో తెలియదు. ‘జనని’ మాత్రం ఏ తెరా అక్కర్లేకుండా నిలుస్తుంది. మొత్తం మీద ‘ఆర్ఆర్ఆర్’ పాటలు సినిమా శరీరంలోని అవయవాలు. బయటికి తీసినప్పుడు కొన్ని బతికాయి, కొన్ని కథను వెతుక్కున్నాయి. ఇది లోపమని అనను. సినిమా సంగీతం మొదట సినిమా కోసమే. కానీ ఆల్బమ్ పోటీలో ఇది లెక్కకు రావాలి.

‘సీతారామం’ అలా కాదు. దీనికి బాణీలు కట్టిన విశాల్ చంద్రశేఖర్ అంతకు ముందు ఇదే దర్శకుడు హను రాఘవపూడితో ‘కృష్ణగాడి వీరప్రేమగాథ’, ‘పడి పడి లేచె మనసు’ చేశారు. అవి వినివున్నవాళ్లకు ఈయన బాణీ కట్టే తీరు కొంత తెలుసు. అయినా ఇంత పొందికను ఎవరూ ఊహించలేదు. ఈ ఆల్బమ్‌లో పాటలన్నీ ఒకే ఇంటి గదుల్లా ఉంటాయి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి నడిచి వెళ్లవచ్చు. తీగవాయిద్యాలు ఒకే కాలపు గాలిని మోస్తాయి. 1960ల కథకు తగ్గ ఆ నెమ్మది ఎక్కడా పాత పాటల అనుకరణగా జారిపోదు.

ఇక్కడ ఒక పాట దగ్గర ఆగాలి. ‘కానున్న కళ్యాణం’. 2021 నవంబరు 30న సిరివెన్నెల వెళ్లిపోయారు. ఆయన రాసిన ఈ పాట మనకు చేరింది ఆ తర్వాత. దాని కట్టడం చూడండి. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు. జరగబోయే పెళ్లి ఏమంటోందని ఒక ప్రశ్న, దానికి రెండు చిన్న మాటల్లో జవాబు. రాబోయే వైభోగం ఎలాంటిదని ఇంకో ప్రశ్న, దానికీ అంతే క్లుప్తంగా జవాబు. ప్రశ్న పొడవుగా వంపు తిరిగి పైకి లేస్తుంది, జవాబు సమంగా నేల మీద వచ్చి వాలుతుంది. అనురాగ్ కులకర్ణి, సిందూరి ఆ అడగడాన్నీ చెప్పడాన్నీ ఎంత సుతారంగా పంచుకున్నారో వింటే, పెళ్లిచూపుల్లో తలుపు చాటున జరిగే మాటల్లా తోస్తుంది. తెలుగులో ప్రశ్నోత్తరాల పాటలు మనకు కొత్త కాదు, బావామరదళ్ల పాటల నుంచీ ఉన్నవే. వాటి వగరును తీసేసి, తీయదనాన్ని మాత్రం ఉంచి, అందులో వేదాంతాన్ని సన్నగా కలిపారు ఆయన. ఒక్క పాటలో ఒక జీవితం కుదిరిపోతుంది.

దానికి తోడు ఎస్పీ చరణ్ గొంతు. ‘ఇంతందం’లోనూ, రమ్య బెహరాతో కలిసి పాడిన ‘ఓ సీతా హే రామా’లోనూ కొన్ని అక్షరాల దగ్గర తండ్రి వినిపిస్తాడు. 2020 సెప్టెంబరులో బాలుగారు పోయాక మా నాన్నగారు చాలా కాలం పాటలు పెట్టమని అడగలేదు. ‘ఇంతందం’ మొదటిసారి పెట్టినప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టి, “ఇంకోసారి పెట్టు” అన్నారు. ఆ మాట నాకు ఏ అవార్డు కన్నా పెద్దది.

కాబట్టి నా తీర్పు ఇది. ఏడాది పాట ‘కొమురం భీముడో’. ఏడాది ఆల్బమ్ ‘సీతారామం’. మీరు ఒక్కదాన్నే ఎంచుకోవాలంటే ఇలా ఆలోచించండి. తెలుగు రాని స్నేహితుడికి మన సంగీతాన్ని పరిచయం చేయాలంటే ‘ఆర్ఆర్ఆర్’ ఇవ్వండి, అందులోనూ ‘నాటు నాటు’తో మొదలుపెట్టి ‘కొమురం భీముడో’తో ముగించండి. మాటలు అర్థమయ్యే మనిషికి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకు ‘సీతారామం’. ‘సీతారామం’ తమిళ, మలయాళ భాషల్లోనూ వచ్చింది. బాణీలు అవే కాబట్టి ‘రాధేశ్యామ్’ విషయంలో మాకు జరిగినంత గందరగోళం ఉండదు. కానీ సిరివెన్నెల మాటల కోసమైతే తెలుగే వినాలి.

ఇక అంతగా చర్చకు రాని మంచి పోలిక ఒకటి ఉంది. ఒకే ఏడాది, ఒకే సంగీత దర్శకుడు, పదకొండు వారాల తేడాతో రెండు ఆల్బమ్‌లు. తమన్ చేసిన ‘భీమ్లా నాయక్’ ఫిబ్రవరి 25న, ‘సర్కారు వారి పాట’ మే 12న వచ్చాయి. పైగా అదే ఏడాది జూలైలో, ‘అల వైకుంఠపురములో’ పాటలకు తమన్‌కు జాతీయ అవార్డు ప్రకటించారు. ఆ స్థాయి మనిషి నుంచి ఏం ఆశించాలో మనందరికీ తెలుసు.

‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట దర్శనం మొగులయ్య కిన్నెర మీటుతో తెరుచుకుంటుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆ కళాకారుడికి ఆ ఏడాదే పద్మశ్రీ వచ్చింది. ఆయన నాయకుడి తండా పేరూ, కన్నవాళ్ల పేర్లూ ఎత్తుకుని వంశావళి చెబుతారు. నల్లమల పల్లెల్లో వీరుల కథలు చెప్పే పద్ధతి అది. ఆ తర్వాత డప్పులు విరుచుకుపడినప్పుడు ఆ హోరుకు ఒక ఊరు, ఒక పుట్టుక ఉన్నట్టు తోస్తుంది. ‘అడవి తల్లి మాట’లో దుర్గవ్వ గొంతు కూడా అంతే. ఈ సినిమాకు మూలమైన మలయాళ ‘అయ్యప్పనుం కోషియుం’లో నంజియమ్మ అనే ఆదివాసీ గాయని పాడిన పాట ఉంది. దానికి ఆమెకు అదే జూలైలో జాతీయ అవార్డు ప్రకటించారు. తెలుగులో ఆ పాటను అలాగే ఎత్తి పెట్టకుండా, మన నేల గొంతును వెతికి తెచ్చారు. రీమేక్ చేసేవాళ్లు నేర్చుకోవాల్సిన సంగతి ఇది. చిత్ర పాడిన ‘అంత ఇష్టం’ సినిమాలో కనిపించకపోయినా ఆల్బమ్‌లో ఉంది, దాన్ని వదలకండి. నా వేలు ఈ ఆల్బమ్‌లో ఒక్క చోటే కదిలింది.

‘సర్కారు వారి పాట’ దగ్గర నా మనసు నొచ్చుకుంది. ‘కళావతి’ ఫిబ్రవరిలో వచ్చినప్పుడు రోజుకు పదిసార్లు విన్నవాళ్లలో నేనూ ఒకడిని. సిద్ శ్రీరామ్ గొంతు, అనంత శ్రీరామ్ మాటలు, మధ్యలో పెళ్లి మేళం ధ్వని. అంత మంచి పాట ఇచ్చి మిగతా ఆల్బమ్ ఇలాగే ఉంటుందని మాట ఇచ్చినట్టే కదా. ‘పెన్నీ’ చెవికి తగిలింది, మనసుకు తగల్లేదు. ‘మ మ మహేశా’ థియేటర్లో ఈల వేయించింది, ఇంట్లో రెండోసారి పెట్టించలేదు. టైటిల్ పాట హోరులో మాటలు మునిగిపోయాయి. నా పరీక్షలో నాలుగింట మూడు చోట్ల వేలు కదిలింది. 2022లో నన్ను ఎక్కువగా నిరాశపరిచిన ఆల్బమ్ ఇదే. చెడ్డ ఆల్బమ్ అనడం లేదు. అదే చేయి ‘భీమ్లా నాయక్’ను తీర్చిదిద్దిందని తెలిసే ఈ బాధ. మీరు నిరాశపరిచిన ఆల్బమ్‌ను ఎంచుకునేటప్పుడు కూడా ఈ తేడా చూడండి. ఆశే పెట్టుకోని చోట నిరాశ ఎక్కడిది? ‘లైగర్’లో అరడజను చేతులు కలిసి వండిన పాటల మీద నాకు ఏ ఆశా లేదు కాబట్టి అది నా నిరాశల జాబితాలోకే రాదు.

అందుకే ‘ఆచార్య’ విషయంలో అభిమానుల తీర్పుతో నాకు పేచీ ఉంది. నిరాశ అనగానే చాలామంది మొదట చెప్పే పేరు అది. ఆశ పెద్దదే మరి. చిరంజీవి, మణిశర్మ కలిస్తే ‘చూడాలని ఉంది’, ‘ఇంద్ర’, ‘ఠాగూర్’. 2006లో ‘స్టాలిన్’ తర్వాత మళ్లీ పదహారేళ్లకు ఇద్దరూ కలిశారు. సినిమా ఆడలేదు. ఆ చేదంతా పాటల మీద పడింది. నేను సినిమాను పక్కన పెట్టి మళ్లీ విన్నాను. ‘నీలాంబరి’లో మణిశర్మ మెలోడీ చేయి ఇంకా చల్లబడలేదు. అనురాగ్ కులకర్ణి, రమ్య బెహరా ఆ పాటను ఒక్క అడుగు కూడా తడబడకుండా నడిపించారు. ‘లాహే లాహే’లో శివపార్వతుల గొడవను ఆడవాళ్ల కోలాటపు పాటలా చెప్పడం రామజోగయ్య శాస్త్రి చమత్కారం. ‘ఇంద్ర’ స్థాయి కాదు, ఒప్పుకుంటాను. కానీ సినిమా మీద కోపాన్ని పాటల ఖాతాలో రాయడం అన్యాయం.

‘రాధేశ్యామ్’కు జరిగిందీ ఇదే అన్యాయం. ‘డియర్ కామ్రేడ్’ విన్నప్పటి నుంచి జస్టిన్ ప్రభాకరన్ అంటే నాకు గురి. ‘ఈ రాతలే’లో యువన్ శంకర్ రాజా గొంతులోని బొంగురు, హరిణి గొంతులోని పలుచదనం ఒకదాన్ని ఒకటి వెతుక్కుంటాయి. ‘నగుమోము తారలే’ నిదానంగా విచ్చుకునే పాట, మొదటిసారికి లొంగదు. రాత్రి ప్రయాణాలకు, కిటికీ పక్క సీటుకు ఇంతకు మించిన ఆల్బమ్ ఆ ఏడాది లేదు. సినిమా చూసి పాటలకు దూరమైనవాళ్లు దయచేసి ఒక్కసారి తెర లేకుండా వినండి.

చిన్న ఆల్బమ్‌ల సంగతి. ‘అంటే సుందరానికీ’లో వివేక్ సాగర్, కర్ణాటక సంగీత విద్వాంసురాలు అరుణా సాయిరాం చేత ‘పంచెకట్టు’ పాడించారు. ఆ గొంతులోని గంభీరత ఒక హాస్య కథకు తోరణంలా అమరింది. సంగీతం నేర్చుకున్న పిల్లలున్న ఇంట్లో ముందు ఇదే పెట్టండి. ‘విరాటపర్వం’లో సురేష్ బొబ్బిలి ‘నగాదారిలో’ మీద ఒక చిన్న వ్యాసమే రాయవచ్చు. వరం పాడిన ఆ పాటలో అడవి దారి చెమ్మ తగులుతుంది. ‘ఒకే ఒక జీవితం’లో ‘అమ్మ’ పాట కూడా సిరివెన్నెలదే. దాన్ని నలుగురి మధ్య వినవద్దని మాత్రం చెబుతాను, నేను విని ఇబ్బంది పడ్డాను. పెళ్లి ఊరేగింపుకైతే ఏ చర్చా అక్కర్లేదు, రామ్ మిరియాల కట్టి పాడిన ‘డీజే టిల్లు’ పాట ఉంది. అది ఆల్బమ్ పోటీలోకి రాదు, రావాల్సిన అవసరమూ లేదు.

అన్నట్టు సిరివెన్నెల పేరు ఎన్నిసార్లు వచ్చిందో గమనించారా? ‘దోస్తీ’, ‘కానున్న కళ్యాణం’, ‘అమ్మ’. ఒక స్నేహం, ఒక పెళ్లి, ఒక తల్లి. ఆ మూడు సినిమాలు థియేటర్లలో ఆడే నాటికి ఆయన లేరు. 2022ను నేను ఏ ఆల్బమ్ పేరుతో గుర్తుపెట్టుకున్నా, ఆ ఏడాది నాకు ముందు ఆయనదే.

ఎంచుకోవడానికి మీకు తీరిక తక్కువైతే నా సలహా వరస ఇది: ఒక సాయంత్రం ‘సీతారామం’ మొత్తం, మర్నాడు ‘భీమ్లా నాయక్’ మొత్తం, మూడో రోజు ‘ఆర్ఆర్ఆర్’లో ‘జనని’, ‘కొమురం భీముడో’, ‘నాటు నాటు’. ప్రయాణం ఉంటే ‘రాధేశ్యామ్’. ‘సర్కారు వారి పాట’లో ‘కళావతి’ ఒక్కటి విడిగా దాచుకోండి. మహేశ్‌బాబు అభిమానులు ఇక్కడ నాతో విభేదిస్తారని తెలుసు. థియేటర్లో మొదటి రోజు వాళ్లు అనుభవించింది నిజమే, దాన్ని నేను కాదనను. నేను మాట్లాడుతున్నది నెల తర్వాత, గదిలో, ఒంటరిగా వినే పాట గురించి.

మా తమ్ముడికి తెలుగు ‘రాధేశ్యామ్’, ‘సీతారామం’ రెండూ పంపించాను. వాడు తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు, పాటల్లోని మాటలు సగం జారిపోతాయి. 2023 ఉగాది రోజున వాడే ఫోను చేశాడు. ‘రాధేశ్యామ్’ను నిరాశల జాబితాలోంచి తీసేశానన్నాడు, మంచివాటిలో మాత్రం చేర్చలేదట. ‘సర్కారు వారి పాట’ మీద నా మాట ససేమిరా ఒప్పుకోనన్నాడు. తర్వాత, “అన్నయ్యా, కానున్న కళ్యాణంలో ఏం అడుగుతున్నారో ఒక్కొక్క లైనూ చెప్పవా?” అన్నాడు. నేను ప్రశ్నలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. మూడో ప్రశ్నకు పక్కనుంచి పిన్ని గొంతు వినిపించింది. ఫోను ఆవిడ చేతికి ఎప్పుడు వెళ్లిందో తెలియదు, జవాబు పాదాలన్నీ ఆవిడ పాడుతోంది.